మీకు తెలుసా? కెమెరా పెట్టె మీద అచ్చువేయని సంగతులు

మొదటి డీఎస్ఎల్ఆర్ కొనడానికి వెళ్లినవాళ్లు కౌంటర్ దగ్గర అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎన్ని మెగాపిక్సెళ్లు?" పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేదీ అదే. కానీ ఆ కెమెరాని మీరు ఏళ్ల తరబడి ఇష్టంగా వాడతారా, కొద్ది నెలలకే అటక ఎక్కిస్తారా అన్నది తేల్చే విషయాలు పెట్టె మీద కనిపించవు. వ్యూఫైండర్ మీ చూపుకి సరిపడుతుందా, లెన్స్‌ని తిప్పే మోటారు ఎక్కడుంది, ఫ్లాష్ బిగించే చోట ఏ పిన్ను లేదు... ఇలాంటివన్నమాట.

కెనాన్, నికాన్ కంపెనీలు తమ శ్రద్ధంతా ఇప్పుడు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మీద పెట్టాయి. దాంతో మంచి మంచి డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో, పెళ్లి ఫొటోలు తీసేవాళ్ల దగ్గర, చుట్టాల బీరువాల్లో అందుబాటు ధరకి దొరుకుతున్నాయి. ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచి అదను లేదని నా గట్టి నమ్మకం. అలా కొనేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవే ఈ సంగతులు.

మొదటి డిజిటల్ కెమెరా మెగాపిక్సెల్‌లో నూరోవంతు

1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన కెమెరా నిలువునా వంద, అడ్డంగా వంద చుక్కల బొమ్మ తీసేది. అంటే మొత్తం పదివేల పిక్సెళ్లు. బరువు 3.6 కిలోలు. ఒక్క నలుపు తెలుపు బొమ్మని క్యాసెట్ టేపు మీదకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. 1991లో అదే కొడాక్, నికాన్ ఎఫ్3 బాడీకి 1.3 మెగాపిక్సెళ్ల సెన్సర్ తగిలించి మొదటి డీఎస్ఎల్ఆర్‌ని అమ్మకానికి పెట్టింది. హార్డ్ డిస్క్ ఉన్న పెట్టెని వేరుగా భుజాన మోసుకుపోవాల్సి వచ్చేది. 1999 నాటి నికాన్ డి1 సామర్థ్యం 2.7 మెగాపిక్సెళ్లు. పత్రికా ఫొటోగ్రాఫర్లు ఫిల్ముని పక్కన పెట్టడం మొదలైంది అలాంటి కెమెరాలతోనే. 2003లో వచ్చిన కెనాన్ 300డి వెయ్యి డాలర్ల లోపు దొరికిన మొదటి డీఎస్ఎల్ఆర్. అందులో ఉన్నవి 6.3 మెగాపిక్సెళ్లు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 8×12 అంగుళాల ఫొటోని అంగుళానికి 300 చుక్కల చొప్పున నాణ్యంగా ప్రింటు వేయాలంటే 86 లక్షల 40 వేల పిక్సెళ్లు చాలు. 4కె టీవీ తెర నిండా పరుచుకునే బొమ్మకి 83 లక్షలు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే 6000×4000 బొమ్మ 20 అంగుళాల వెడల్పు దాకా అదే నాణ్యతతో ప్రింటు అవుతుంది. హాల్లో గోడకి కట్టుకునే 12×18 ఫ్రేముకి అది సరిపోగా ఇంకా మిగులుతుంది. కాబట్టి 18 మెగాపిక్సెళ్ల పాత కెమెరా చవగ్గా దొరికి, 24 ఉన్నది రెట్టింపు ధర చెబితే, ఆ తేడా డబ్బు లెన్స్ మీద పెట్టండి. ఈ వ్యాసంలో ఒక్క సలహానే గుర్తుపెట్టుకోగలరంటే, ఇది పెట్టుకోండి.

ఆ పిక్సెళ్లలో సగం పచ్చవి

సెన్సర్‌కి రంగులు తెలియవు, వెలుగు ఎంత పడిందన్నదే తెలుస్తుంది. అందుకని ప్రతి పిక్సెల్ మీదా ఒక రంగు పొర ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన ఈ అమరికలో సగం పిక్సెళ్లకి ఆకుపచ్చ, పావువంతుకి ఎరుపు, పావువంతుకి నీలం. మన కన్ను వెలుగుని పోల్చుకునేది పచ్చరంగు ప్రాంతంలోనే ఎక్కువ కాబట్టి దానికి పెద్ద వాటా. 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్ల కెమెరాలో ఎరుపు చూసేవి 60 లక్షలే. తక్కిన చోట్ల ఎరుపు ఎంత ఉండాలో పక్క పిక్సెళ్లని చూసి కెమెరా లెక్కగట్టి నింపుతుంది.

ఈ లెక్కలు కట్టకముందు సెన్సర్ చూసింది చూసినట్టు దాచేదే రా ఫైలు. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు ఉంటే, 12 బిట్ల రా ఫైలులో 4,096, 14 బిట్లయితే 16,384. మండపం నీడలో నిలబడిన మనిషిని, వెనకాల మండుటెండలో ఉన్న ప్రాంగణంతో సహా తీశారనుకోండి. జేపెగ్‌లో మొహం నల్లబడిపోతే తిరిగి వెలికితీయడం కష్టం. రా ఫైలులో చాలావరకు వస్తుంది.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ హైదరాబాదు కోటల్నీ కొలువుల్నీ గాజు పలకల మీద తీశారు. ఆ నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి కాబట్టే నూరేళ్లు దాటాక కూడా వాటినుంచి కొత్తగా ప్రింట్లు వేయగలుగుతున్నారు. మీ అమ్మాయి బారసాల ఫొటోలకి రా ఫైలే నెగటివ్. రా ప్లస్ జేపెగ్ అని పెట్టి రెండూ దాచుకోండి. హార్డ్ డిస్కులు మునుపటంత ఖరీదు కావు.

క్లిక్‌మన్న ఆ క్షణం మీకు కనిపించదు

డీఎస్ఎల్ఆర్ లోపల 45 డిగ్రీల వాలున ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగుని అది పైకి పంపిస్తే వ్యూఫైండర్‌లో మనం చూస్తాం. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షటర్ తెరుచుకుంటుంది, ఆ కాసేపూ వ్యూఫైండర్ చీకటైపోతుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఫొటోలో పడిందంటే, సరిగ్గా ఆ క్షణం తీసినవారి కంటపడలేదన్నమాట. అందుకే అనుభవం ఉన్నవాళ్లు జరగబోయేదాన్ని ముందే ఊహించి నొక్కుతారు.

ఇంకో విచిత్రం ఉంది. ఆ అద్దం మధ్యభాగం కొంచెం వెలుగుని వెనక్కి వదులుతుంది. వెనకున్న బుల్లి అద్దం దాన్ని కిందకి మళ్లిస్తుంది. వ్యూఫైండర్‌లో చూసి తీసేటప్పుడు ఫోకస్ కుదిరిందో లేదో చూసే పరికరం కెమెరా లోపల అడుగున ఉంటుంది. తెర మీద చూస్తూ తీసే లైవ్ వ్యూలో అద్దం లేచిపోతుంది కాబట్టి దానికి వెలుగే అందదు. చవక మోడళ్లు లైవ్ వ్యూలో ఫోకస్‌కి తడుముకునేది ఇందుకే.

వ్యూఫైండర్‌లో ఫొటో మొత్తం కనబడకపోవచ్చు

కెనాన్ 1500డి, నికాన్ డి3500 లాంటి మోడళ్లలో బొమ్మని నిటారుగా తిప్పి చూపించే పనిని చిన్న చిన్న అద్దాలు చేస్తాయి. కెనాన్ 80డి, నికాన్ డి7500లలో ఆ పని ఒకే ముక్క గాజు పట్టకానిది. అద్దాలు తేలిక, చవక, కానీ చూపు కొంచెం మసకగా, ఇరుకుగా ఉంటుంది. డి3500 వ్యూఫైండర్ నిలువునా అడ్డంగా 95 శాతమే చూపిస్తుంది. రెండూ హెచ్చవేస్తే, ఫొటోలో దాదాపు పదోవంతు మీరు చూడకుండానే తీస్తున్నట్టు. గ్రూప్ ఫొటో అంచున ఎవరిదో మోచెయ్యి వచ్చి చేరేది ఆ పదోవంతులోంచే. తీసిన వెంటనే తెర మీద అంచులు ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

కంటి పక్కన ఒక చిన్న చక్రం

వ్యూఫైండర్ రబ్బరు పక్కన గోటితో తిప్పేంత చక్రం ఒకటి ఉంటుంది. మీ చూపుకి తగ్గట్టు లోపలి గాజుని సర్దే చక్రం అది. ఎవరో తిప్పి వదిలేసిన కెమెరాని చేతిలోకి తీసుకుంటే అంతా మసగ్గా కనిపిస్తుంది. "ఫోకస్ పోయిందేమో" అనుకుని దాన్ని వెనక్కి ఇచ్చేసేవాళ్లూ ఉంటారు. బొమ్మని చూడకుండా, లోపల కనిపించే అంకెలు స్పష్టంగా వచ్చేదాకా చక్రం తిప్పండి.

కెనాన్ 3000డిలో ఈ చక్రమే లేదు. ధర తగ్గించడానికి తీసేసిన వాటిలో అదొకటి. ఆ మోడల్‌లో లెన్స్ బిగించే వలయం కూడా లోహంది కాదు, ప్లాస్టిక్‌ది. కళ్లద్దాలు పెట్టుకునేవారికి నేను ఆ మోడల్ చెప్పను.

50 మి.మీ. లెన్స్ మీ ఇంట్లో ఇరుకైపోతుంది

సినిమా ఫిల్ముని అడ్డంగా తిప్పి, రెండు ఫ్రేముల చోటుని ఒక్క ఫొటోకి వాడుకున్నాడు జర్మనీలోని లైట్జ్ కంపెనీ ఉద్యోగి ఆస్కార్ బార్నాక్. ఆ 24×36 మి.మీ. కొలతతోనే 1925లో లైకా కెమెరా అమ్మకానికి వచ్చింది. నేడు "ఫుల్ ఫ్రేమ్" అంటున్నది ఆ కొలతనే. మొదటి కెమెరాగా మనం కొనేవాటిలో సెన్సర్ అంతకన్నా చిన్నది. నికాన్‌లో సుమారు 23.5×15.6 మి.మీ., కెనాన్‌లో 22.3×14.9 మి.మీ. లెన్స్ చూపించే దృశ్యంలో నడిమి భాగమే దానిమీద పడుతుంది. కాబట్టి నికాన్‌లో ఒకటిన్నర రెట్లు, కెనాన్‌లో 1.6 రెట్లు దగ్గరికి జరిగినట్టు కనిపిస్తుంది.

దీనికి రెండు ముఖాలున్నాయి. 50 మి.మీ. లెన్స్ కొనమని అందరూ చెబుతారు. కొని పన్నెండడుగుల గదిలో నిలబడి అమ్మనీ నాన్ననీ తాతయ్యనీ ఒకే ఫ్రేములో పట్టాలని చూస్తే, వెనక్కి జరుగుతూ జరుగుతూ గోడకి ఆనుకున్నా చోటు చాలదు. ఎందుకంటే ఆ లెన్స్ ఇక్కడ 75, 80 మి.మీ. లెన్స్ చూపించినంతే చూపిస్తుంది. ఒక్కరి మొహం తీయడానికి అది దివ్యంగా ఉంటుంది. ఇంట్లో నలుగురిని కలిపి తీయాలంటే నికాన్‌కి 35 మి.మీ. ఎఫ్/1.8జి డీఎక్స్, కెనాన్‌కి 24 మి.మీ. ఎఫ్/2.8 ఎస్టీఎం మేలు.

రెండో ముఖం పక్షుల వాళ్లకి లాభం. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోనో, నేలపట్టులోనో గూడబాతుల్ని తీసేటప్పుడు 300 మి.మీ. లెన్స్ నికాన్ మీద 450, కెనాన్ మీద 480 మి.మీ. అంత దగ్గరి దృశ్యం ఇస్తుంది. అంత పొడవు లెన్స్ ఫుల్ ఫ్రేమ్‌కి కొనాలంటే ఖర్చూ బరువూ రెండూ ఎక్కువే.

నికాన్ లెన్స్ కొంటున్నారా? మోటారు ఎక్కడుందో అడగండి

కొత్తవారి డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడ. నికాన్ పాత ఆటోఫోకస్ లెన్సుల్లో మోటారు ఉండదు. కెమెరా బాడీలోని మోటారు ఒక చిన్న స్క్రూ ద్వారా లెన్స్‌ని తిప్పుతుంది. 2006లో వచ్చిన డి40తో నికాన్ ఆ మోటారుని చిన్న బాడీల్లోంచి తీసేసింది. డి3000 వరసలోనూ డి5000 వరసలోనూ వచ్చిన మోడళ్లు వేటికీ అది లేదు. డి90కీ, డి7000 వరసకీ ఉంది.

దుకాణంలో 50 మి.మీ. ఎఫ్/1.8డి, 50 మి.మీ. ఎఫ్/1.8జి పక్కపక్కనే ఉంటాయి. మొదటిది చవక. దాన్ని కొని డి3500కి బిగిస్తే ఆటోఫోకస్ కదలదు. లెన్స్ పాడైందనుకుంటారు. అదేం కాదు, తిప్పేవారు లేరంతే. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పి అనో ఉంటే మోటారు లెన్స్‌లోనే ఉన్నట్టు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఏఎఫ్-పి లెన్సులు డి90, డి3100 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయవు. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో బాడీ ఒకచోట, లెన్స్ ఇంకోచోట కొంటుంటే రెండూ ఒకదానికొకటి తగిలించి చూశాకే డబ్బు ఇవ్వండి.

కెనాన్‌లో ఈ బాధ లేదు. 1987లో లెన్స్ బిగించే పాత ఎఫ్‌డి మౌంట్‌ని పూర్తిగా వదిలేసి ఈఎఫ్ అనే కొత్త మౌంట్ తెచ్చినప్పుడే మోటారుని లెన్స్‌లో పెట్టేశారు. అప్పటి ఫొటోగ్రాఫర్లకి ఆ నిర్ణయం చాలా నష్టం తెచ్చింది, వాళ్ల లెన్సులన్నీ కొత్త బాడీలకి పనికిరాకుండా పోయాయి. దాని మేలు ఇప్పటి కొత్తవారు అనుభవిస్తున్నారు. కెనాన్‌లో చూడాల్సింది బొట్టు రంగు ఒక్కటే. ఎర్ర బొట్టున్న ఈఎఫ్ లెన్స్ అన్ని కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లకీ తగులుతుంది. తెల్ల చదరం ఉన్న ఈఎఫ్-ఎస్ లెన్స్ చిన్న సెన్సర్ బాడీలకే.

నికాన్ ఎఫ్ మౌంట్ మాత్రం 1959 నుంచి రూపం మారకుండా వచ్చింది. మీ బాబాయి దాచిన 1977 తర్వాతి ఏఐ రకం లెన్స్ డి3500కి తగులుతుంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, వెలుగు కొలిచే మీటరు పనిచేయదు. ఒకటి రెండు ఫొటోలు తీసి తెర మీద చూసి సర్దుకోవడమే. ఓపిక ఉన్నవారికి ఇంతకు మించిన బడి లేదు.

పెంటాక్స్ సంగతి

మన ఊళ్లలో పెద్దగా కనిపించదు కానీ, పెంటాక్స్ డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటికి చేతి వణుకుని సర్దే ఏర్పాటు బాడీలోనే, సెన్సర్‌కే ఉంటుంది. 1975 నాటి కె మౌంట్ లెన్స్ పెట్టినా ఆ సాయం అందుతుంది. కెనాన్, నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో వణుకు సర్దే శక్తి లెన్స్‌లో ఉంటేనే ఉన్నట్టు. అయితే రిపేరుకీ సెకండ్ హ్యాండ్ లెన్సులకీ పక్కనే మనిషి దొరకాలంటే మన దగ్గర కెనాన్, నికాన్‌లదే సుఖం.

ఎఫ్/5.6కీ ఎఫ్/1.8కీ మధ్య పది రెట్లు

కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. 50 మి.మీ. లెన్స్ ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. 5.6ని 1.8తో భాగించి వర్గం చేస్తే దాదాపు పది, అంటే లోపలికి వచ్చే వెలుగు పది రెట్లు. సాయంత్రం దీపాల వెలుగులో కిట్ లెన్స్‌కి సెకనులో ఆరోవంతు పట్టే ఫొటోని ఇది సెకనులో అరవయ్యోవంతులో తీసేస్తుంది. మొదటిదాంట్లో పిల్లాడి చెయ్యి చెదిరిపోతుంది, రెండోదాంట్లో చాలావరకు నిలుస్తుంది. కెనాన్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్టీఎం బరువు 160 గ్రాములే. ఈ ఒక్క మార్పు తెచ్చే తేడాని బాడీ మార్చినా తేలేరు.

కిట్ లెన్స్‌ని చిన్నచూపు చూడమని కాదు. కొన్నాళ్లు దానితోనే తీయండి. తర్వాత మీ ఫొటోలన్నీ తెరిచి, 18 దగ్గర ఎన్ని తీశారు, 55 దగ్గర ఎన్ని తీశారు చూడండి. ప్రతి ఫైలులోనూ ఆ వివరం రాసే ఉంటుంది. తర్వాత ఏ లెన్స్ కొనాలో మీ ఫొటోలే చెబుతాయి.

తెల్ల పంచె బూడిదరంగులోకి ఎందుకు మారుతుంది?

కెమెరా మీటరు లోకం మొత్తం సగటున మధ్యస్థ బూడిదరంగులో ఉంటుందని నమ్ముతుంది. పాఠ్యపుస్తకాల్లో 18 శాతం బూడిద అంటారు. తెల్ల పంచె, తెల్ల కండువాతో తాతగారు తెల్లగోడ ముందు కూర్చుంటే "వెలుగు మరీ ఎక్కువైంది" అనుకుని మీటరు తగ్గించేస్తుంది, పంచె మాసినట్టు వస్తుంది. నల్ల గేదెని దగ్గరగా తీస్తే వెలుగు పెంచేసి దాన్ని బూడిదరంగు చేస్తుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ అందుకే ఉంది. తెలుపుకి ప్లస్ ఒకటి, నలుపుకి మైనస్ ఒకటి. ఎంత ఖరీదైన డీఎస్ఎల్ఆర్‌కైనా ఈ సాయం కావాల్సిందే.

ఫ్లాష్ బిగించే చోట ఒక పిన్ను మాయమైంది

కెమెరా నెత్తిన ఫ్లాష్ తోసే పట్టా ఉంటుంది. ఏళ్ల తరబడి దాదాపు అన్ని కంపెనీల కెమెరాల్లోనూ దాని నడిమధ్య ఒక పెద్ద పిన్ను ఉండేది. దాదాపు ఏ కంపెనీ ఫ్లాష్ అయినా ఆ ఒక్క పిన్నుతో వెలిగేది. కెనాన్ తన చవక మోడళ్లు 1500డి, 3000డి, ఆ తర్వాత 200డి మార్క్ 2లలో ఆ పిన్ను తీసేసింది. కెనాన్ సొంత ఫ్లాష్‌లు మామూలుగా వెలుగుతాయి. నడిపిన్ను ఒక్కదానిమీదే ఆధారపడే చవక ట్రిగ్గర్లు, స్టూడియో లైట్లు వెలగవు. రేపు చంటిపిల్లల ఫొటోలో, అమ్మకానికి వస్తువుల ఫొటోలో లైట్లు పెట్టి తీద్దామనుకునేవారు ఈ విషయం కొనేముందే చూసుకోవాలి. కెనాన్‌లోనే కావాలంటే అంతకుముందు వచ్చిన 1300డి, 200డి మొదటి మోడల్‌లకి పిన్ను ఉంది.

వీడియోకి మైకు పెట్టే రంధ్రం

వీడియో తీసిన మొదటి డీఎస్ఎల్ఆర్ 2008 నాటి నికాన్ డి90. అదే ఏడాది వచ్చిన కెనాన్ 5డి మార్క్ 2 ఫుల్ హెచ్‌డీలో తీసి సినిమావాళ్ల దృష్టిలో పడింది. అమెరికన్ టీవీ సీరియల్ 'హౌస్' ఆరో సీజన్ చివరి భాగాన్ని 2010లో దానితోనే తీశారు. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో వీడియో 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోయేది. అరగంట, ఆపైన రికార్డు చేసేదాన్ని యూరప్‌లో వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు, అది తప్పించుకోవడానికి పెట్టిన హద్దు అది.

యూట్యూబ్‌లో వంటలు, పాఠాలు పెట్టాలన్న ఆలోచన ఉంటే ఒక మాట. కెనాన్ 1500డికీ నికాన్ డి3500కీ బయటి మైకు పెట్టే రంధ్రమే లేదు. నికాన్ డి3300కి ఉండేది, తర్వాతి మోడల్‌లో తీసేశారు. కెనాన్ 200డికి మైకు రంధ్రమూ ఉంది, 2013లో 70డితో మొదలైన డ్యూయల్ పిక్సెల్ ఫోకసూ ఉంది. వీడియోలో మనిషి ముందుకీ వెనక్కీ కదిలినా ఫోకస్ వెంట వస్తుంది. చూసేవాళ్లు బొమ్మ కొంచెం తగ్గినా ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే ఓర్చుకోరు.

ఒక్క ఛార్జింగుతో 1,550 ఫొటోలు

డి3500కి కంపెనీ చెప్పిన లెక్క ఇది. మిర్రర్‌లెస్ నికాన్ జెడ్50కి 300 దగ్గర. వ్యూఫైండర్‌లో చూడటానికి డీఎస్ఎల్ఆర్‌కి కరెంటు అక్కర్లేదు, వెలుగు నేరుగా కంటికి వస్తుంది. పాపికొండల పడవ ప్రయాణానికో, తిరునాళ్లకో వెళ్లేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

సెకండ్ హ్యాండ్ కెమెరాకి ఓడోమీటర్ ఉంటుంది

షటర్ ఎన్నిసార్లు తెరుచుకుందో కెమెరా లెక్క పెట్టుకుంటుంది. నికాన్ డి3500 షటర్‌ని లక్ష సార్లకి, డి7500ని లక్షన్నరకి, డి850ని రెండు లక్షలకి, డి5ని నాలుగు లక్షలకి పరీక్షించి అమ్మారు. నికాన్‌లో ఈ అంకె ప్రతి ఫొటో ఫైలులోనే దాగి ఉంటుంది. దుకాణంలో ఒక ఫొటో తీసి, ఆ ఫైలుని ఫోన్‌లోకి తెచ్చుకుని షటర్ కౌంట్ చూపించే వెబ్‌సైటులో వేస్తే తెలిసిపోతుంది. చాలా కెనాన్ మోడళ్లు దాన్ని మామూలు ఫైలులో రాయవు, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. పెళ్లిళ్లకి తిరిగిన కెమెరాకి లక్ష దాటడం మామూలే. అందుకని కొనకూడదని కాదు, ధర ఆ మేరకి తగ్గాలి.

ఇంకొన్ని పరీక్షలు అక్కడే చేసేయండి. ఎఫ్/16 పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో ఫోకస్ తప్పించి తీసి, బొమ్మని పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది దుమ్ము నల్లచుక్కలుగా కనిపిస్తుంది. మూత పెట్టి కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే పాడైన పిక్సెళ్లు రంగుచుక్కలై వెలుగుతాయి. దుమ్మయితే తుడిపించుకోవచ్చు. మెమరీ కార్డు పెట్టే అరలో పిన్నులు వంగి ఉన్నాయేమో చూడండి. పాత బిల్లు అడగండి, దానిమీది సీరియల్ నంబరూ బాడీ అడుగున ఉన్న నంబరూ ఒకటేనా చూడండి. కొత్తది కొంటున్నా సరే, కోఠిలోనైనా బెజవాడలోనైనా, మరీ తక్కువ ధర చెబితే భారతదేశపు వారంటీ కార్డు ఉందా అని ముందు అడగండి. దొంగదారి దిగుమతి సరుకుకి ఇక్కడి కంపెనీ సర్వీసు సెంటర్లో వారంటీ రిపేరు చేయరు.

లెన్స్‌ని తినే బూజు

విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఉండేవారు ఇది శ్రద్ధగా చదవాలి. గాలిలో తేమ ఎక్కువైతే లెన్స్ లోపలి గాజు మీద సాలెగూడు లాంటి ఫంగస్ పుడుతుంది. గాజు మీది పూతని అది తినేస్తుంది, కొంతకాలం పోతే తుడిచినా మచ్చ మిగులుతుంది. సెకండ్ హ్యాండ్ లెన్స్‌ని రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి వాలుగా చూడండి. తీగల్లాంటి తెల్లటి గీతలు కనిపిస్తే, ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

మీ లెన్సుల్ని తోలుసంచిలో పెట్టి బీరువాలో వానాకాలమంతా వదిలేయడం ఫంగస్‌ని పిలిచి పెంచడమే. బిగుతుగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, రంగు మారే సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపించే చిన్న మీటరు చాలు. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచాలి. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. వీలైనప్పుడల్లా లెన్స్ బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయండి. వాడుకలో ఉన్న లెన్స్‌కి గాలీ వెలుతురూ తగులుతాయి, ఫంగస్ పట్టే అవకాశం తగ్గుతుంది.

ఇప్పుడు కొన్న లెన్స్ రేపటి కెమెరాకీ పనికొస్తుంది

"డీఎస్ఎల్ఆర్ కాలం అయిపోతోంది కదా, లెన్సులు కొంటే వృథా కావా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కొలతల్లో ఉంది. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం లేవడానికి చోటు కావాలి కాబట్టి లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరం ఎక్కువ. నికాన్ ఎఫ్‌లో 46.5 మి.మీ., కెనాన్ ఈఎఫ్‌లో 44 మి.మీ. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు, దూరం తగ్గింది. నికాన్ జెడ్‌లో 16 మి.మీ., కెనాన్ ఆర్ఎఫ్‌లో 20 మి.మీ. మధ్యలో మిగిలిన ఖాళీని ఒక వలయంతో పూడిస్తే పాత లెన్స్ కొత్త బాడీ మీద సరిగ్గా కూర్చుంటుంది. దాన్నే అడాప్టర్ అంటారు. అటునుంచి ఇటు మాత్రం కుదరదు, మిర్రర్‌లెస్ లెన్స్‌ని డీఎస్ఎల్ఆర్‌కి తగిలించే చోటే లేదు.

కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు ఆ కంపెనీ అడాప్టర్‌తో ఆర్ఎఫ్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌లో ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి లెన్సులకీ ఆ సౌకర్యం ఉంది. అయితే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ మోటారు పెట్టలేదు. కాబట్టి 50 మి.మీ. ఎఫ్/1.8డి అక్కడ కూడా చేత్తో తిప్పుకోవాల్సిందే. రెండు 50ల మధ్య ఊగుతున్న నికాన్ వాళ్లు కాస్త ఎక్కువ పెట్టి జి రకమే తీసుకోండి.